మహేంద్రగిరి కొండల్లో వైన్ ద్రాక్ష వేయొచ్చా?

కొండగాలి (ఆర్.ఉదయగిరి):
కాలిఫోర్నియా శాంటాక్రజ్ కొండల గురించి చదివాను. పసిఫిక్ సముద్రం పక్కనే కొండలు, పొగమంచు, వాటి మీద ద్రాక్షతోటలు. అక్కడి మాంటెబెల్లో గట్టు మీద 1971లో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కి 1976 పారిస్ పోటీలో ఐదో స్థానం, 2006లో మళ్లీ పెట్టిన పోటీలో మొదటి స్థానం వచ్చాయి. మన ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, సముద్రం మనకీ దగ్గరే. మరి గజపతి రైతు ఎప్పటికీ జీడిపిక్కలు, అనాసపళ్లే అమ్ముకోవాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
తమ్ముడూ, ఎత్తు సరే, వాన సంగతి చూశావా? అక్కడ వానలు ఎక్కువగా చలికాలంలోనే, కాయ పండే వేసవి అంతా పొడి. మనకి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నాసిక్‌లోనూ మనలాగే నైరుతి వానలే కాబట్టి వాళ్లు ద్రాక్షతీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో పంట కోసం, కోత జనవరి నుంచి మార్చి దాకా. అక్టోబరుకి అక్కడ వాన వెనక్కి పోతుంది. మనకి అక్టోబరంటే తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, తిత్లీ వానకి మన కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో మర్చిపోయామా? కత్తిరించాక వచ్చే లేత చిగురు మీద నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులు ఆకునీ గుత్తినీ కూడా తినేస్తుంది.

కొండగాలి:
కత్తిరింపు నవంబరు ఆఖరుకి జరుపుదాం అన్నయ్యా. కోత ఏప్రిల్‌కి పోతుంది, కిందైతే ఎండకి కాయ ఉడికిపోతుంది గాని పైన చల్లగానే ఉంటుంది కదా.

మహేంద్రతనయ:
ఏప్రిల్‌లో మన వైపు సాయంత్రం గాలివానలు, ఒక్కోసారి వడగళ్లు. పండిన గుత్తి మీద పడితే కాయ పగిలి కుళ్లిపోతుంది. పైగా వైన్ ద్రాక్ష చిన్న కాయ, మందం తోలు, గింజలు, సంతలో ఎవరూ కొనరు. వైనరీ వాడు వద్దంటే రైతు ఎవరికి అమ్ముకుంటాడు?

గుమ్మా గట్టు:
మీ ఇద్దరూ భూమి మాట ఎత్తలేదు. మాది షెడ్యూల్డ్ ఏరియా, 1956 రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అంటే తోట వేసేది మా సవర రైతే, పందిరి స్తంభాలకీ తీగకీ డ్రిప్పుకీ అప్పు చేసేదీ అతనే, మొదటి రెండేళ్లూ చేతికి పైసా రాకుండా ఆ టెన్షన్ పడేదీ అతనే. కొండగాలి బాబూ, నీ ఆశ మంచిదే. ముందు ప్రభుత్వ ఫారంలో పావు ఎకరం వేయించి, మూడు అక్టోబర్లు తట్టుకుంటుందేమో చూపించండి. అప్పటిదాకా మా అనాస జోలికి రావద్దు.