సీపాప్ మాస్క్‌తో నిద్ర పట్టట్లేదు, ఏం చెయ్యాలి?

మా నాన్నగారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోవడం) అని సీపాప్ మెషిన్ (మాస్క్‌లోంచి ప్రెషర్‌తో గాలి పంపేది) రాశారండి, ముక్కుకు పెట్టుకునే మాస్క్. కాసేపటికే ఊపిరాడట్లేదని పీకేస్తున్నారు, పెట్టుకున్న రోజేమో పొద్దున్నకి నోరు ఎండిపోతోంది, ముక్కు మీద ఎర్రగా అచ్చు. పట్టీలు బిగిస్తే గాలి ఇంకా లీకవుతోంది!

జవాబు 1: వదులు చెయ్యండి. మరీ బిగిస్తే మాస్క్ కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి భాగం) నలిగి అంచుల్లోంచే గాలి పోతుంది. పడుకున్నాక, మెషిన్ ఆన్‌లో ఉండగా సర్దాలి. గుబురు మీసమున్నా లీకే, కానీ ఆ మాట నాన్నగారితో మీరే చెప్పుకోండి :)

జవాబు 2: నోరు తెరిచి నిద్రపోతున్నట్టున్నారు. ముక్కూ నోరూ కప్పే మాస్క్ గురించి అడగండి, మెషిన్‌కి హ్యూమిడిఫయర్ (గాలికి తేమ చేర్చేది) ఉంటే అందులో డిస్టిల్డ్ వాటర్ పోయండి. మెషిన్‌లో ర్యాంప్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ప్రెషర్ తక్కువతో మొదలై మెల్లగా పెరుగుతుంది, ఆ ఊపిరాడని ఫీలింగ్ చాలావరకు తగ్గుతుంది. డాక్టర్ పెట్టిన ప్రెషర్ మాత్రం మీరు మార్చకండి.

జవాబు 3: పగలు టీవీ చూసేటప్పుడు కాసేపు పెట్టుకోమనండి, అలవాటవుతుంది.