నెలసరి ఆగాక యోని పొడిబారి మంట, కొబ్బరినూనె చాలడం లేదు

నాకు 53 ఏళ్లు, ఉండేది గుంటూరులో. నెలసరి ఆగి మూడేళ్లయింది. ఎనిమిది నెలలుగా లోపల పొడిబారి ఒకటే మంట, కలయికప్పుడైతే బ్లేడుతో గీసినట్టుంటోంది. పరీక్షల్లో ఇన్ఫెక్షన్ లేదు, షుగర్ లేదు.

సబ్బు మానేశాను. గానుగ కొబ్బరినూనె రాత్రి రాస్తే తెల్లారేదాకా హాయి, పది గంటలకల్లా మళ్లీ మామూలే. పెరట్లో కలబంద గుజ్జు రాస్తే ఇంకా మండింది. పాలలో శతావరి పొడి రెండు నెలలు, అవిసె గింజల కారప్పొడి మూడు నెలలు తిన్నా తేడా లేదు (కారప్పొడి మాత్రం మా ఆయనకి తెగ నచ్చింది). డాక్టరమ్మ ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) క్రీమ్ రాసిచ్చారు. మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కదా, భయమేసి ట్యూబు మూత కూడా తీయలేదు.

హార్మోన్ లేని, తేమని పట్టి ఉంచే హైలూరోనిక్ యాసిడ్ జెల్ లోపల వాడినవాళ్లకి ఎన్ని వారాల్లో మంట తగ్గింది?