బీబీసీ మైక్రో పవర్ సప్లై: పగిలిన కెపాసిటర్లు మాత్రమే మార్చాలా, అన్నీ మార్చాలా?

ప్రశ్న (హనుమకొండ సభ్యుడు)

అందరికీ నమస్కారం. బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన క్లాస్ పథకం కాలంలో బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ ఒకటి, ఇక్కడి ఒక పాఠశాల సామాన్ల గదిలో ఏళ్ల తరబడి ఉండి, ఇప్పుడు నా చేతికి వచ్చింది. దాన్ని మళ్లీ పనిచేయించి ఆ బడి పిల్లలకే చూపించాలని నా కోరిక. ఇంకా కరెంటు ఇవ్వలేదు. పవర్ సప్లై డబ్బా విప్పితే, మెయిన్స్ తీగలు వచ్చి కలిసే చోట పసుపు రంగులో లోపలి భాగం కనిపించే రెండు కెపాసిటర్ల (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాల) మీద సన్నని పగుళ్లు ఉన్నాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మాత్రం ఉబ్బలేదు, కారలేదు. పగిలిన రెండింటినీ బోర్డు నుంచి తీసి మీటరుతో కొలిస్తే, వాటి మీద రాసి ఉన్న 0.1, 0.01 మైక్రోఫారడ్ విలువలే దాదాపుగా చూపిస్తున్నాయి. అలాంటప్పుడు వాటినే తిరిగి పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడవచ్చా? మార్చక తప్పదంటే, పనిలో పనిగా అన్నీ మార్చేయడం మేలా?

జవాబు 1 (కాజీపేట సభ్యుడు)

దయచేసి వాటిని తిరిగి పెట్టకండి. మీ మీటరు కొలిచేది ఒకటి రెండు వోల్టుల దగ్గర. 230 వోల్టుల మెయిన్స్‌లో ఆ కెపాసిటర్ మీద పడే గరిష్ఠ వోల్టేజి సుమారు 325. కాబట్టి మీటరు బాగుందని చెప్పినంత మాత్రాన నమ్మడానికి లేదు.

అవి లోహపు పూత వేసిన కాగితంతో చేసి, రెసిన్‌లో పోసిన కెపాసిటర్లు. ఏళ్లు గడిచేకొద్దీ పైనున్న రెసిన్ పగులుతుంది, పగుళ్లలోంచి గాలిలోని తేమ కాగితంలోకి చేరుతుంది. మన వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడి, దాని వెనకే వానాకాలపు తేమ ఏటా వస్తూనే ఉంటాయి కనుక, సామాన్ల గదిలో వాడకుండా ఉంచిన యంత్రం కూడా దీన్ని తప్పించుకోలేదు. తేమ పట్టిన కాగితానికి మెయిన్స్ తగిలితే లోపల వేడి పుట్టి, కెపాసిటర్ చిట్లి, ఘాటైన పొగ వస్తుంది. ఫ్యూజు పోకపోవచ్చు కూడా. అవి మెయిన్స్‌లోని రేడియో అలజడిని వడకట్టడానికి మాత్రమే ఉన్నవి కనుక, పొగ వచ్చాక కూడా కంప్యూటర్ పనిచేస్తూ ఉండవచ్చు. కానీ బోర్డు మీద పడిన మసినీ వాసననూ పోగొట్టడం చాలా కష్టం.

కొత్తవి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. దుకాణంలో 104 (0.1 మైక్రోఫారడ్‌కు గుర్తు) అని అడిగితే 400 వోల్టుల మామూలు ఫిల్మ్ కెపాసిటర్ ఇస్తారు. విలువ ఒకటే అయినా అది ఇక్కడ పనికిరాదు. ఎక్స్2 ముద్ర (మెయిన్స్ రెండు తీగల మధ్య వాడదగిన భద్రతా రకమని తెలిపే గుర్తు), 275 వోల్టులు లేదా అంతకు మించిన ఏసీ రేటింగు ఉన్న పాలీప్రొపిలీన్ రకమే కావాలి. కాళ్ల మధ్య దూరం కొలిచి తీసుకెళ్లండి. మెయిన్స్ నుంచి ఎర్త్‌కు కలిపిన కెపాసిటర్లను ఎప్పుడైనా మార్చవలసి వస్తే వై2 ముద్ర ఉన్నవే వాడాలి, ఎందుకంటే అవి షార్ట్ అయితే లోహపు డబ్బాకే కరెంటు వస్తుంది. ఈ విషయంలో సర్దుబాటు చేసుకోకూడదు.

జవాబు 2 (కరీంనగర్ సభ్యుడు)

కాజీపేట సోదరులు చెప్పినదంతా నిజం. అయితే అన్నీ మార్చేయాలన్న ఆలోచనతో నేను ఏకీభవించను. ఆ కాలపు బోర్డుల మీద రాగి గీతలు ఎక్కువ వేడిని తట్టుకోవు, అవసరం లేని చోట టంకం విప్పితే గీత లేచిపోతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉబ్బకుండానే లోపల ఎండిపోగలదు కాబట్టి కంటితో తేల్చకండి, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) కొలిచే మీటరుతో ఒక్కొక్కటి చూడండి. వేడెక్కే భాగాల పక్కనున్న చిన్నవే సాధారణంగా ముందు పోతాయి. మార్చవలసినవాటికి 105 డిగ్రీల రేటింగు, తక్కువ ఈఎస్ఆర్ ఉన్నవి తీసుకుని, ధ్రువాలు సరిచూసి అతికించండి.

హనుమకొండ సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎక్స్2 రకం ఇక్కడి దుకాణాల్లో దొరకడం లేదు. పని పూర్తయ్యాక మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలో కూడా చెప్పగలరా?

జవాబు 3 (కాజీపేట సభ్యుడు)

హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగండి. ముద్ర స్పష్టంగా లేనిది మాత్రం తీసుకోకండి.

మొదటిసారి కంప్యూటర్ బోర్డును కలపవద్దు. 5 వోల్టుల అవుట్‌పుట్‌కు 4.7 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ కలపండి. లోడ్ లేకపోతే ఇలాంటి స్విచింగ్ సప్లై సరిగా నడవకపోవచ్చు. మెయిన్స్ దారిలో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. పూర్తిగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయండి. వోల్టేజి కొలిచి, 5 వోల్టులు నిలకడగా ఉన్నాకే బోర్డు కలపండి.

ప్లగ్ తీసిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజి మిగిలి ఉండవచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా, 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొంతసేపు కలిపి ఉంచి, మీటరులో సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే బోర్డు మీద చేయి వేయండి.