కాళ్ల నొప్పి తగ్గింది, నడక మాత్రం చెడుతోంది: ఈ కేసులో ఏం చూడాలి?

ప్రశ్న:

తోటి కైరోప్రాక్టర్లకు నమస్కారం. ఒక కేసులో ఎటూ తేల్చుకోలేక మీ సలహా కోరుతున్నాను. రోగి ఎవరన్నది తెలియకుండా, అవసరమైనంత మేరకే రాస్తున్నాను. ఆయన వయసు అరవైకి దగ్గరలో ఉంటుంది. కొన్నేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కొద్ది దూరం నడవగానే పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుతోందనీ, కూర్చున్నా ముందుకు వంగినా సర్దుకుంటోందనీ చెప్పుకుంటూ వచ్చారు. పాదాల్లో నాడి రెండు వైపులా బాగానే అందుతోంది. నడుము ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర వెన్నునాళం ఇరుకైనట్టు స్పష్టంగా ఉంది. ఫ్లెక్షన్-డిస్ట్రాక్షన్ (నడుమును మెల్లగా వంచి సాగదీయడం), తేలికపాటి మొబిలైజేషన్ (కీళ్లను నెమ్మదిగా కదిలించడం), ఇంట్లో చేసుకునే వ్యాయామాలతో కాళ్ల నొప్పి చాలావరకు తగ్గింది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. నొప్పి తగ్గుతున్నకొద్దీ నడక బాగుపడాల్సింది పోయి, ఇంకా తడబడుతోంది. కాళ్లు బిగుసుకుపోతున్నాయనీ, చీకట్లో గోడ పట్టుకోనిదే అడుగు పడడం లేదనీ ఆయన అంటున్నారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఈమధ్య చాలాసేపు పడుతోందని ఆయన భార్య చెప్పారు. చేతివేళ్ల తిమ్మిరికి వేరేచోట నరాల పరీక్ష చేయించుకుంటే, రెండు మణికట్టుల్లోనూ స్వల్పంగా కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నలగడం) ఉందని తేలిందట. మెడ నొప్పి ఏమాత్రం లేదు. మోకాలి రిఫ్లెక్స్ (సుత్తితో తట్టినప్పుడు వచ్చే స్పందన) మామూలుగానే ఉంది, మడమ రిఫ్లెక్స్ దాదాపు అందడం లేదు. నడుము చికిత్సనే కొనసాగించాలా, మధుమేహం వల్ల వచ్చిన నరాల జబ్బనుకోవాలా, లేక చూడవలసినది మరేదైనా ఉందా?

మొదటి సమాధానం:

మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడినవారిలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉందని మనకు తెలిసిందే. బీ12 లోపం ముదిరితే వెన్నుపాము వెనుక, పక్క భాగాల నాడీమార్గాలు దెబ్బతిని, మీరు చెప్పినట్టే చీకట్లో తూలడం, కాళ్లు బిగుసుకోవడం కనిపిస్తాయి. కాబట్టి ముందు ఆ రక్తపరీక్ష చేయించండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో కాలి బొటనవేలి దగ్గర ప్రకంపన స్పర్శ చూశారా?

రెండవ సమాధానం:

బీ12 పరీక్ష తప్పకుండా జరగాలి, అయితే దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ మెడను వదిలేయకూడదు. మధుమేహపు నరాల జబ్బు సాధారణంగా పొడవైన నరాలతో మొదలవుతుంది, అంటే పాదాల్లో పుట్టి పైకి పాకి, తిమ్మిరి ఇంచుమించు మోకాళ్ల దాకా వచ్చిన తరువాతే వేళ్ల కొసలకు చేరుతుంది. మీ రోగికి మోకాళ్ల కింద తిమ్మిరి ఎక్కడి దాకా ఉందో మీరు రాయలేదు. అది పాదాల దగ్గరే ఆగిపోయి, చేతులు మాత్రం ఇంత మొరటుబారాయంటే ఆ లెక్క కుదరదు. కార్పల్ టన్నెల్ ఉండనే ఉండవచ్చు, కానీ స్వల్పమైన కార్పల్ టన్నెల్ నడకను చెడగొట్టదు.

నా అనుమానం మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందని. దీన్నే సర్వైకల్ మైలోపతీ అంటాం. ఇందులో మెడ నొప్పి ఉండి తీరాలన్న నియమం లేదు. నొప్పి లేకపోవడం వల్లే చాలామంది కార్పల్ టన్నెల్ అనో, వయసు ప్రభావం అనో ముద్రపడి తిరుగుతుంటారు. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి పూర్తిగా ముడిచి తెరవగలరో లెక్కపెట్టండి. 20కి తగ్గితే అనుమానించాలి. అరచేతులు కిందికి ఉండేలా చేతులు చాపి వేళ్లు దగ్గరగా ఉంచమంటే, చిటికెనవేలు దానంతటదే పక్కకు జారిపోతోందేమో గమనించండి. మధ్యవేలి కొసను గోటి దగ్గర పట్టి చటుక్కున వదిలినప్పుడు బొటనవేలు, చూపుడువేలు లోపలికి ముడుచుకుంటే అది హాఫ్‌మన్ సైన్. మణికట్టుకు కాస్త పైన, బొటనవేలి వైపున్న స్నాయువు మీద సుత్తితో తట్టినప్పుడు మోచెయ్యి వంగడానికి బదులు వేళ్లు ముడుచుకుంటే, అది ఇన్వర్టెడ్ సుపినేటర్ సైన్; సి5-సి6 స్థాయిలో ఇబ్బంది ఉందనడానికి మంచి ఆధారం. తరువాత బాబిన్‌స్కీ (అరికాలు గీసినప్పుడు కాలి బొటనవేలు పైకి లేవడం), ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ నడిపించడం, రాంబర్గ్ (కళ్లు మూసుకుని నిలబడితే తూలడం) చూడండి. దవడ రిఫ్లెక్స్ కూడా చూస్తే మంచిది. అది మామూలుగా ఉండి చేతుల్లో రిఫ్లెక్సులు మారాయంటే, సమస్య తలలో కాక మెడలో ఉండే అవకాశమే ఎక్కువ.

మూడవ సమాధానం:

ఒక అభ్యంతరం. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే కాళ్ల రిఫ్లెక్సులు పెరగాలి కదా? ఇక్కడ మోకాలిది మామూలు, మడమది దాదాపు శూన్యం. పైగా హాఫ్‌మన్ సైన్ ఏ జబ్బూ లేనివారిలో కూడా కొందరికి కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని రోగిని కంగారుపెట్టడం సరికాదేమో.

రెండవ సమాధానం రాసినవారు:

అభ్యంతరం సమంజసమైనదే, అయితే దానికి జవాబు ఈ కేసులోనే ఉంది. నడుము దగ్గర నాళం ఇరుకైనవారిలో కొందరికి మెడ దగ్గర కూడా ఇరుకవుతుంది. కింద నరాల మూలాలు నలిగితే రిఫ్లెక్సు తగ్గుతుంది, పైన వెన్నుపాము నలిగితే పెరుగుతుంది. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కప్పిపుచ్చి, మోకాలిది ‘మామూలు’గా కనబడవచ్చు. మధుమేహం మడమ రిఫ్లెక్సును ముందే తీసేసి ఉండవచ్చు. అందుకే ఇటువంటివారిలో కాళ్ల కంటే చేతులే నిజం చెబుతాయి.

ఏ ఒక్క సైనుతోనూ తీర్పు చెప్పకూడదన్న మాట ఒప్పుకుంటాను. కుక్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో అయిదు అంశాలను కలిపి చూశారు: నడకలో తేడా, హాఫ్‌మన్, ఇన్వర్టెడ్ సుపినేటర్, బాబిన్‌స్కీ, 45 ఏళ్లు దాటిన వయసు. వీటిలో మూడు ఉంటే మైలోపతీ అవకాశం బాగా పెరుగుతుంది, ఒకటికి మించకపోతే బాగా తగ్గుతుంది. ఈయనకు వయసు, నడక కలిపి ఇప్పటికే రెండున్నాయి.

ప్రశ్న అడిగినవారు:

ఈరోజు ఆయనను మళ్లీ పిలిపించి, మీరు చెప్పిన వరుసలోనే పరీక్షించాను. కాళ్ల తిమ్మిరి చీలమండలు దాటలేదు. పిడికిలి పది సెకన్లలో 12 సార్లే తెరవగలిగారు, అదీ కుడిచేయి చివర్లో దాదాపు ఆగిపోయింది. హాఫ్‌మన్ కుడివైపు స్పష్టంగా ఉంది, ఎడమవైపు లేదు. ఇన్వర్టెడ్ సుపినేటర్ కుడివైపు ఉంది. బాబిన్‌స్కీ ఇటో అటో చెప్పలేకపోయాను. మడమకు కాలివేళ్లు ఆనించి నడవమంటే మూడో అడుగుకే తూలారు. దవడ రిఫ్లెక్స్ మామూలుగా ఉంది. ఇక స్పెషలిస్టు దగ్గరికి పంపించడమే మేలనిపిస్తోంది. ఈలోగా నడుముకు చేస్తున్న చికిత్సను కొనసాగించవచ్చా? ఉత్తరంలో ఏమేమి రాయాలి?

నాలుగవ సమాధానం:

మెడకు ఏ విధమైన మానిప్యులేషన్ (చటుక్కున తిప్పడం), ట్రాక్షన్ (సాగదీయడం) వద్దు. నడుముకు కూడా బల్ల మీద బోర్లా పడుకోబెట్టి మెడ తిప్పి ఉంచే పద్ధతులన్నీ ఆపేయండి. నిజానికి ఎమ్మారై వచ్చేదాకా నేనైతే చేతి చికిత్స మొత్తం నిలిపివేసి, పడిపోకుండా చూసుకోవడం, మెడను వెనక్కి బాగా వంచే పనులు మానడం వరకే చెబుతాను.

ఉత్తరం క్లుప్తంగా ఉండాలి, కానీ సంఖ్యలు ఉండాలి. ‘మెడ సమస్య ఉన్నట్టుంది’ అని రాస్తే ఆ కాగితం కట్టలో అడుగున పడిపోతుంది. ‘నడక క్రమంగా క్షీణిస్తోంది, చేతుల నైపుణ్యం తగ్గింది, పిడికిలి పరీక్ష పది సెకన్లకు 12, కుడివైపు హాఫ్‌మన్, ఇన్వర్టెడ్ సుపినేటర్ ఉన్నాయి, సర్వైకల్ మైలోపతీ అనుమానంతో మెడ ఎమ్మారై త్వరగా చేయవలసిందిగా కోరుతున్నాను’ అని మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి. బీ12 పరీక్ష కూడా అందులోనే అడగండి. వీలైతే మైలోపతీ తీవ్రతను కొలిచే ఎమ్‌జేఓఏ స్కోరు జతచేయండి; మొత్తం 18లో 15 నుంచి 17 అయితే స్వల్పం, 12 నుంచి 14 అయితే మధ్యస్థం, 11 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. మధ్యస్థ, తీవ్ర స్థాయుల్లో ఆపరేషన్ చేయించుకోవాలనే వెన్నెముక సర్జన్ల అంతర్జాతీయ సంస్థ ఏఓ స్పైన్ 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, ఆ సంఖ్య చూసిన సర్జను ఆలస్యం చేయరు.

రోగికి మాత్రం ‘నడుము రిపోర్టు తప్పు’ అన్న అర్థం వచ్చేలా చెప్పకండి. ఆ ఇరుకు నిజమే, దానితోపాటు పైన ఇంకొకటి ఉండవచ్చని చెబితే చాలు. మూత్రం ఆగిపోవడం, అదుపు తప్పడం, చేతులో కాళ్లో ఉన్నట్టుండి బలహీనపడడం, నడక ఒకటి రెండు రోజుల్లోనే దిగజారడం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదేరోజు అత్యవసర విభాగానికి వెళ్లాలని ఆయనకూ, ఆయన భార్యకూ కాగితం మీద రాసివ్వండి.

ప్రశ్న అడిగినవారు:

చికిత్స ఆపేశాను. ఉత్తరం, మీరు చెప్పిన హెచ్చరికల కాగితం రెండూ సాయంత్రానికే వారి చేతికి ఇచ్చాను. ఎమ్మారై రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.