రోజూ తిరిగే కారుకి చిన్న సూపర్‌ఛార్జర్: రూట్సా, సెంట్రిఫ్యూగలా?

కూకట్‌పల్లి సిటీ:
నాది 2016 హోండా సిటీ. 1.5 లీటర్ల ఐ-వీటెక్ పెట్రోలు, మాన్యువల్ గేరు, లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కేపీహెచ్‌బీ నుంచి నానక్‌రామ్‌గూడకు వెళ్లి వస్తాను. కాగితం మీద 119 పీఎస్ ఉంది. కానీ ఆ బలమంతా 6600 ఆర్‌పీఎం దగ్గర కూర్చుంది, నా బతుకేమో 2000కీ 3000కీ మధ్య గడుస్తోంది. ఏసీ వేసి, నలుగురం ఎక్కి కైతలాపూర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రెండో గేరుకి దిగాల్సి వస్తోంది.

ఇంజిన్ దించను, పిస్టన్లు మార్చను. ఇంజిన్ బెల్టుతో తిరిగి లోపలికి అదనపు గాలి తోసే సూపర్‌ఛార్జర్ పెట్టాలని ఉంది. 5 పీఎస్‌ఐ బూస్ట్, అంటే ఆ మేరకు అదనపు గాలి పీడనం, చాలు. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, పాత మినీ కూపర్ ఎస్‌లో వచ్చిన ఈటన్ ఎం45, అంటే రెండు రోటర్లు తిరుగుతూ గాలిని తోసే రూట్స్ రకం. రెండోది, వేగంగా తిరిగే చక్రంతో గాలిని విసిరే రోట్రెక్స్ లాంటి చిన్న సెంట్రిఫ్యూగల్. ఏది పెట్టాలి? ఎందుకో కూడా చెప్పండి.

ఘాట్ రోడ్డు:
సెంట్రిఫ్యూగల్. ఇందులో ఆలోచించాల్సింది లేదు. రూట్స్ అనేది గాలిని లోపల నొక్కదు, తోసి మానిఫోల్డులో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, కుక్కుతుంది. అందుకే గాలి వేడెక్కుతుంది. సెంట్రిఫ్యూగల్ చల్లగా పని చేస్తుంది, బోనెట్ కింద చిన్న చోటులో ఇమిడిపోతుంది, బూస్ట్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి కనెక్టింగ్ రాడ్ల మీద ఒక్కసారిగా బరువు పడదు. స్టాక్ ఇంజిన్‌కి, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నదానికి, ఇంతకు మించిన మర్యాద ఏముంటుంది? అనంతగిరి ఘాట్‌లో నా స్నేహితుడి కారు నడిపి చూశాను, 5000 దాటాక అదొక వేరే కారు.

లెక్కల మాస్టారు:
ఆయన అడిగింది 5000 దాటాక ఏమవుతుందని కాదు. ప్రశ్న మళ్లీ చదవండి.

సెంట్రిఫ్యూగల్ బూస్ట్ తిరిగే వేగం వర్గంతో పెరుగుతుంది. 6600 దగ్గర 5 పీఎస్‌ఐ వచ్చేలా పుల్లీ పెట్టారనుకోండి. 3000 దగ్గర ఎంత? 3000ని 6600తో భాగించి వర్గం చేస్తే 0.2. అంటే ఒక్క పీఎస్‌ఐ. కైతలాపూర్ ఫ్లైఓవర్ మీద ఆయనకు దొరికేది బెల్టు బరువు, ఊదే చప్పుడు, రెండో గేరు.

రూట్స్ అలా కాదు, ఒక్కో చుట్టుకు ఇంత గాలి అని కొలిచి పోస్తుంది. ఎం45 అంటే చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, 737 సీసీ. మీ ఇంజిన్ 1497 సీసీ. నాలుగు స్ట్రోకులది కాబట్టి చుట్టుకు మింగేది అందులో సగం, దాదాపు 750. నష్టాలన్నీ తీసేస్తే ఇంజిన్ క్రాంక్ ఒకసారి తిరిగేలోపు బ్లోయర్, అంటే ఆ సూపర్‌ఛార్జర్, ఒకటింబావు సార్లు తిరిగితే చాలు, మీ 5 పీఎస్‌ఐ వచ్చేస్తుంది. 2000 దగ్గర లీకేజీ వల్ల కాస్త తగ్గినా చాలావరకు ఉంటుంది. ఊళ్లో తిరిగే కారుకి కావలసింది అదే.

ఘాట్ రోడ్డు:
వేడి సంగతి దాటేశారు. హైదరాబాద్ మే నెలలో 42 డిగ్రీలు. ఆ లెక్క కూడా వేయండి మాస్టారూ.

లెక్కల మాస్టారు:
వేస్తాను, మీకు సగమే నచ్చుతుంది.

మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడి గాలి పీడనం 13.8 పీఎస్‌ఐ దగ్గర, పుస్తకంలోని 14.7 కాదు. 5 కలిపితే నిష్పత్తి 1.36. లోపలికి వెళ్లే గాలి 40 డిగ్రీలనుకుందాం. 55 శాతం సామర్థ్యం ఉన్న రూట్స్ నుంచి బయటికి 92 డిగ్రీల దగ్గర వస్తుంది. 75 శాతం ఉన్న సెంట్రిఫ్యూగల్ అయితే 78. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి పీడనం 36 శాతం పెరిగినా సిలిండరులోకి చేరే గాలి రూట్స్‌తో 17 శాతం, సెంట్రిఫ్యూగల్‌తో 21 శాతం మాత్రమే పెరుగుతుంది. ఆ గాలినే ఇంటర్‌కూలర్‌తో, అంటే గాలిని చల్లార్చే రేడియేటరుతో, 55 డిగ్రీలకు దించితే 30 దాకా వెళుతుంది, గొట్టాల్లో పోయే పీడనం కొంత తీసేయాలి.

తేడా ఎక్కడుందో చూశారా? బ్లోయర్ రకం మారిస్తే నాలుగు శాతం. ఇంటర్‌కూలర్ పెడితే పదమూడు. ఇంటర్‌కూలర్ లేని 5 పీఎస్‌ఐని నేను చిన్న బూస్ట్ అనను. గేజీ మీద అంకె చిన్నదైనా పిస్టన్‌కి తగిలేది 92 డిగ్రీల గాలి. సిగ్నల్ దగ్గర నిలబడితే మొదటి అంకె 40 కూడా కాదు, బోనెట్ కింద అది 55కి పోతుంది.

కొత్త సభ్యుడు 77:
ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్ మూడు వేలకే దొరుకుతోంది. బెల్టు కూడా అక్కర్లేదట. అది సరిపోదా?

లెక్కల మాస్టారు:
ఈ ఇంజిన్‌కి 6000 దగ్గర ఆ 5 పీఎస్‌ఐ ఇవ్వాలంటే నాలుగు కిలోవాట్లకు పైగా కావాలి, ఆరు హార్స్‌పవర్. 12 వోల్టుల మీద 30 ఆంపియర్లు లాగే మోటారు ఇచ్చేది 360 వాట్లు. ఆడి 2016లో ఎస్‌క్యూ7కి నిజమైన ఎలక్ట్రిక్ కంప్రెసర్ పెట్టినప్పుడు దానికోసం 48 వోల్టుల వ్యవస్థే విడిగా వేసింది, అది 7 కిలోవాట్ల దాకా లాగుతుంది. మీరు చూసింది ఫ్యాను. వేసవిలో బల్ల మీద పెట్టుకోండి.

ఖైరతాబాద్ క్యూ:
అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను చల్లార్చి పోతాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా పెడితే ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. ట్రాక్ కోసం విడిగా ఉంచుకున్న కారైతే వేరే మాట. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి నేను వద్దంటాను.

మణికొండ మిడ్‌నైట్:
ఇంత గొడవెందుకు, అమ్మేసి టర్బో కారు కొనుక్కోండి. 1.0 లీటరు టర్బోలే 2000 లోపు మీకు కావలసిన లాగుడు ఇస్తాయి, వారంటీతో సహా.

కూకట్‌పల్లి సిటీ:
సెక్షన్ల సంగతి తెలిసే అడిగాను, క్యూ గారూ. అయినా మీరు చెప్పాక కొంచెం వెనక్కి తగ్గిన మాట నిజం. అమ్మడం మాత్రం కుదరదు. మా నాన్నగారు కొన్న చివరి కారు ఇది.

ఒక్క అనుమానం. మినీలో కంపెనీయే ఎం45 పెట్టింది కదా, దాంట్లో ఆగినది దీంట్లో ఎందుకు ఆగదు?

పుత్లీబౌలి పాత చెయ్యి:
బాబూ, ఇన్నాళ్లకు అడగాల్సిన ప్రశ్న అడిగారు.

సూపర్‌ఛార్జర్ లేని మామూలు మినీ కూపర్ కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ నిష్పత్తి, 10.6. ఎస్‌కి బ్లోయర్ పెట్టినప్పుడు దాన్ని 8.3కి దించారు. పుల్లీ బిగించి ఊరుకోలేదు. మీ సిటీ పదికి పైనే ఉంది. పైగా ఫ్యాక్టరీ ఆ పిస్టన్లు, ఆ రింగుల సందు, ఆ ఇంజెక్టర్లు వాతావరణ పీడనానికే పోసింది.

ముప్పై ఏళ్లు ఇంజిన్లు దించాను. బూస్ట్ పెట్టిన స్టాక్ ఇంజిన్ రాడ్డు వంగి నా దగ్గరికి వచ్చింది తక్కువ. రింగుల మధ్య పిస్టన్ గట్టు విరిగి వచ్చినవే ఎక్కువ. యజమాని చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "చప్పుడేమీ రాలేదండీ." నాకింగ్ చప్పుడు, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలే చప్పుడు, వస్తుంది, పాట పెట్టుకుని ఉంటే వినపడదు. వేడి గాలి, నిప్పురవ్వ ముందే పడేలా జరిగి ఉన్న టైమింగ్, పలచని మిశ్రమం, ఈ మూడూ ఒక మధ్యాహ్నం కలిస్తే చాలు.

ఘాట్ రోడ్డు:
కానీ నిస్సాన్ యూరప్ మైక్రాలో 13 కంప్రెషన్ మీద సూపర్‌ఛార్జర్ పెట్టింది కదా? 1.2 లీటర్లు, మూడు సిలిండర్లు, 98 పీఎస్. ఆగింది మరి.

పుత్లీబౌలి పాత చెయ్యి:
ఆగింది. అది మిల్లర్ పద్ధతి. ఇన్‌టేక్ వాల్వు మూసే సమయం మార్చి, నిజంగా నొక్కేది తగ్గించారు. పెట్రోలు నేరుగా సిలిండరులోకి కొట్టి లోపలే చల్లారుస్తారు. అవసరం లేనప్పుడు బ్లోయర్‌ని క్లచ్‌తో విడదీస్తారు. ఈ మూడింటిలో ఏది సిటీకి ఉంది?

లెక్కల మాస్టారు:
పెద్దాయన మాటకు ఎదురు చెప్పను, ఒకటి కలుపుతాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు ఆక్టేన్ 95, ఇదివరకటి మామూలు పెట్రోలు 91. నాకింగ్ విషయంలో ఇది మనకు అనుకోకుండా దొరికిన వరం. కానీ అదే పెట్రోలు ఇంజెక్టర్ల దగ్గర వసూలు చేసుకుంటుంది. ఇథనాల్ లేని పెట్రోలు కిలోకి కావలసిన గాలి 14.7 కిలోలు, ఈ20కి 13.5 దగ్గర. బూస్ట్ లేకుండానే ఇంధనం 8-9 శాతం ఎక్కువ పోయాలి. దాని మీద బూస్ట్ అడిగే 17 నుంచి 30 శాతం. స్టాక్ ఇంజెక్టరు పై ఆర్‌పీఎంలో తెరిచే ఉండిపోతుంది, ఇక పోయడానికి సమయం మిగలదు. మానిఫోల్డు పీడనం కొలిచే మామూలు మ్యాప్ సెన్సరు వాతావరణ పీడనం దాటాక చదివేది కొంచెమే కాబట్టి, ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు ఈసీయూకి అసలు బూస్ట్ వచ్చిందన్న కబురే అందదు.

నా జాబితా ఇది: ఎం45, ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ఎక్కువ పీడనం చదివే మ్యాప్ సెన్సరు, మాట వినే ఈసీయూ, బైపాస్ వాల్వు. చివరిది మరిచిపోకండి. యాక్సిలరేటర్ సగం నొక్కి వెళుతున్నంతసేపూ అది తెరుచుకుని గాలిని బ్లోయర్ చుట్టూ తిప్పుతుంది, అప్పుడు బ్లోయర్ ఒక హార్స్‌పవర్ కూడా తినదు. అది లేకపోతే సిగ్నల్ సిగ్నల్‌కీ పెట్రోలూ పోతుంది, వేడీ పెరుగుతుంది.

పుత్లీబౌలి పాత చెయ్యి:
జాబితాలో మొదటిది లేదు మాస్టారూ. కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండరు ఎంత పీడనం పట్టగలదో చూడటం. లక్షా నాలుగు వేలు తిరిగిన ఇంజిన్. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి స్టార్టర్ కొట్టించండి. అంకెలు ఇక్కడ రాయండి. అప్పటిదాకా నేను ఏ రకానికీ ఓటు వేయను.

కూకట్‌పల్లి సిటీ:
ఆదివారం చేయించాను. 190, 188, 152, 187 పీఎస్‌ఐ. మూడోది ఏమిటో అర్థం కాలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ వేసి మళ్లీ కొట్టించినా 155 దాటలేదు.

ఘాట్ రోడ్డు:
అయ్యో. రింగులా?

పుత్లీబౌలి పాత చెయ్యి:
రింగులైతే ఆయిల్ వాటి సందు మూసి అంకె లేవాలి. లేవలేదు, అంటే వాల్వు. ఈ ఇంజిన్‌కి టాపెట్లు, అంటే వాల్వు మీద ఉండాల్సిన చిన్న సందు, తమంతట తామే సర్దుకునే రకం కాదు, స్క్రూ తిప్పి సెట్ చేయాలి. తిరిగిన కొద్దీ ఎగ్జాస్ట్ వైపు సందు పెరగదు, తగ్గుతుంది. చాలామందికి ఇది తలకిందులుగా తెలుసు. వాల్వు తన పీఠంలోకి అరిగి పైకి జరుగుతుంది, చివరికి పూర్తిగా మూసుకోదు. చివరిసారి టాపెట్ సెట్టింగ్ ఎప్పుడు చేయించారు?

కూకట్‌పల్లి సిటీ:
కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా లేదు. సర్వీసు సెంటరులో ఎప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు.

కూకట్‌పల్లి సిటీ:
గురువారం చేయించాను. ఇంజిన్ చల్లగా ఉండగా ఫీలర్ గేజీతో చూస్తే మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు ఒకదానికి అసలు సందే లేదు, అతి పలచని రేకు కూడా దూరలేదు. సెట్ చేశాక రెండు రోజులు నడిపి మళ్లీ కొట్టించాం: 190, 189, 179, 188.

ఈ రోజు అదే ఏసీ, అదే నలుగురం. కైతలాపూర్ మూడో గేరులో ఎక్కింది. ఎగిరి ఎక్కలేదు, ఎక్కింది.

ఘాట్ రోడ్డు:
అయితే సూపర్‌ఛార్జర్ వద్దన్నట్టేనా?

కూకట్‌పల్లి సిటీ:
వద్దనుకోలేదు, ముందుగా మే నెల చూస్తాను. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత రాసుకునే చిన్న లాగర్ పెట్టాను. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఎంత చూపిస్తుందో ఇక్కడ పెడతాను. మాస్టారి 55 నిజమైతే నా వాదన అక్కడే వీగిపోతుంది.

పుత్లీబౌలి పాత చెయ్యి:
179 దగ్గరే ఉందంటే ఆ వాల్వు అంచు కొంచెం కాలింది. ఇప్పటికి పరవాలేదు. ఐదు వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొట్టించి అంకె రాయండి. ఇంకా దిగితే హెడ్ తీయాలి. అలా బిగిసిన వాల్వు మీద బూస్ట్ పెట్టి ఉంటే ఈపాటికి తీసే ఉండేవాళ్లం.