రొమేరో ‘సీజన్ ఆఫ్ ది విచ్’లో మంత్రం నిజంగా పనిచేసిందంటారా?

కృష్ణాతీరం (ప్రశ్న):

జార్జ్ రొమేరో 1972లో చిత్రీకరించిన ‘సీజన్ ఆఫ్ ది విచ్’ ఇటీవల చూశాను. ముగింపును కూడా చర్చిస్తున్నాను కనుక, చూడాలనుకునేవారు చిత్రం చూశాకే ఇది చదవవలసిందిగా మనవి. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీసిన దర్శకుడు కదా అని భయపడటానికి సిద్ధపడి కూర్చున్నాను గానీ, ఇందులో శవాలు లేవవు, దయ్యం కంటబడదు. పిట్స్‌బర్గ్ శివార్లలో ఉండే జోన్ మిచెల్ అనే గృహిణికి ఇల్లుంది, డబ్బుంది, కాలేజీ చదివే కూతురుంది, వ్యాపారం పేరుతో తరచూ ఊళ్లు తిరిగే భర్త జాక్ ఉన్నాడు. ఏ ఒక్కటీ ఆమెకు తృప్తినివ్వదు. టారో కార్డులతో జోస్యం చెప్పే పొరుగామె తాను మంత్రగత్తెనని బాహాటంగా చెప్పుకోవడం చూసి, జోన్ కూడా పుస్తకాలూ సామగ్రీ కొని తెచ్చుకుని మంత్రాలు మొదలుపెడుతుంది.

నిమ్మకాయలు, పసుపుకుంకుమలు, సూదులు గుచ్చిన బొమ్మలతో మన సినిమాలు చూపించే చేతబడికి అలవాటుపడిన నాకు రెండు సందేహాలు మిగిలాయి. ఈ కథలో మంత్రం ఒక్కసారైనా ఫలించిందా? చివర ఆమె భర్తను తుపాకీతో కాల్చడం పొరపాటా, కోరికా?

పాతరీలు:

మీ మొదటి సందేహానికి సమాధానం మంత్రాల ఊసే లేని ఒక సన్నివేశంలో ఉందని నా నమ్మకం. కూతురి స్నేహితుడు గ్రెగ్, జోన్ స్నేహితురాలు షర్లీకి మామూలు సిగరెట్టు ఇచ్చి, అందులో గంజాయి ఉందని నమ్మిస్తాడు. ఆమెకు మత్తు ఎక్కుతుంది, మాట తడబడుతుంది, వయసు మీదపడుతోందన్న భయం అంతా బయటికి వచ్చేస్తుంది. అతడు చేసినది క్రూరమైన పని, జోన్‌కు కోపం రావడం సహజమే. అయితే సరుకు లేకపోయినా నమ్మకం ఒక్కటే మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో దర్శకుడు అక్కడే చూపించేశాడు.

ఆ తరువాత జోన్ చేసే క్రతువును దీని పక్కన పెట్టి చూడండి. గ్రెగ్ తన దగ్గరకు రావాలని మంత్రం వేస్తుంది, కానీ ఫలితం కోసం కూర్చోదు. తానే ఫోను చేసి పిలుస్తుంది. అతడు వస్తాడు. వచ్చింది మంత్రానికా, ఫోనుకా అన్నది చిత్రం ఎక్కడా తేల్చదు. ఆ ఫోను చేసే ధైర్యం మాత్రం క్రతువు ముగించిన తరువాతే ఆమెకు వచ్చింది. మంచి కాథలిక్ ఇల్లాలిగా బతికిన స్త్రీ పరపురుషుణ్ణి కావాలనుకోవడం పాపం. మంత్రగత్తెకు ఆ నిషేధం లేదు. నా దృష్టిలో మంత్రం ఫలించింది, అయితే గ్రెగ్ మీద కాదు, జోన్ మీదే.

రెండవ సందేహం మరింత కష్టమైనది. ఆరంభంలో వచ్చే కలను గుర్తుచేసుకోండి. అడవిలో జాక్ పత్రిక చదువుకుంటూ ముందు నడుస్తుంటాడు, అతడు తోసుకుపోయిన కొమ్మలు వెనక్కి వచ్చి జోన్ ముఖాన్ని గీరుతుంటాయి, చివరకు ఆమె మెడకు పట్టీ వేసి కుక్కను కట్టేసినట్లు కట్టేస్తాడు. తరువాతి కలల్లో ముసుగు వేసుకున్న మనిషి ఒకడు పదేపదే ఇంట్లోకి చొరబడతాడు. కెమెరా, ఎడిటింగ్ రెండూ రొమేరోవే. కల నుంచి మెలకువలోకి వచ్చే చోట్ల అతడు కావాలనే గుర్తులేవీ ఇవ్వడు. అందుకే ఊరి నుంచి అనుకోకుండా తిరిగి వచ్చిన భర్తను చొరబాటుదారుడని భ్రమించి ఆమె కాల్చినప్పుడు, ఆ క్షణంలో అది పొరపాటే అని ఒప్పుకుంటాను. కానీ తన జీవితంలోకి చొరబడినవాడు ఎవరో ఆమె కలలకు ముందే తెలుసు.

చిత్రశాల:

కథనం అక్కడక్కడ తెగిపోయినట్లు అనిపిస్తే ఆ తప్పు అంతా దర్శకుడిది కాదు. సుమారు 2,50,000 డాలర్లతో తీయాలనుకున్న చిత్రాన్ని చివరకు 1,00,000 డాలర్ల ప్రాంతంలో ముగించవలసి వచ్చింది. ‘జాక్స్ వైఫ్’ అన్న అసలు పేరుతో దాదాపు 130 నిమిషాలు ఉన్న ప్రతిని పంపిణీదారు 89 నిమిషాలకు కుదించి, ‘హంగ్రీ వైవ్స్’ అని పేరు మార్చి, శృంగార చిత్రంగా నమ్మించి 1973లో విడుదల చేశాడు. శృంగారం ఆశించి వచ్చినవారికి ఒక ఇల్లాలి ఒంటరితనం కనిపించింది. ఇల్లాలి కథను ఆదరించగలిగినవారు ఆ పేరు చూసి హాలు వైపే రాలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. దర్శకుడికి పేరు పెరిగాక, గాయకుడు డోనొవన్ పాడిన ‘సీజన్ ఆఫ్ ది విచ్’ పాట పేరుతో దీన్ని మళ్లీ విడుదల చేశారు. ఆ పాట జోన్ మంత్రసామగ్రి కొనే సన్నివేశంలో వినిపిస్తుంది. 104 నిమిషాల ప్రతి తరువాత వీడియోలో వచ్చింది, వీలైతే అదే చూడండి. దీన్ని మళ్లీ తీయాలని ఉందని రొమేరో చాలాసార్లు చెప్పాడు గానీ ఆ కోరిక తీరకుండానే 2017లో కన్నుమూశాడు.

ఓరుగల్లు పాఠకురాలు:

పాతరీలు గారి విశ్లేషణ బాగుంది, కానీ వారు జోన్ మనసు దగ్గరే ఆగిపోయారు. చిత్రంలో మానసిక వైద్యుడు కూడా అదే చేస్తాడు: నిన్ను బంధించుకున్నది నువ్వే అన్న ధోరణిలో మాట్లాడతాడు. అది నిజమా? భర్త తప్పు రుజువు చేయనక్కరలేని విడాకుల చట్టం పెన్సిల్వేనియాలో 1980 వరకు రాలేదు. బ్యాంకులు వివాహిత స్త్రీకి ఆమె సొంత పేరు మీద అప్పు నిరాకరించకూడదన్న దేశవ్యాప్త చట్టం 1974లో గాని రాలేదు. 1972లో జోన్ చెప్పులు వేసుకుని ఆ ఇంటి నుంచి బయటికి నడిస్తే ఏ ఆధారంతో బతకాలి? నగరశివారు గృహిణుల అసంతృప్తి గురించి అమెరికన్ స్త్రీవాద రచయిత్రి బెట్టీ ఫ్రీడన్ 1963లోనే రాసినా, మధ్యవయసు దాటుతున్న జోన్ వంటివారి చేతికి అందిన మార్గాలు కొన్నే.

ఇంకొక తేడా కూడా మనం గమనించాలి. మా తెలంగాణ పల్లెల్లో బాణామతి అన్నది ఇతరులు మోపే నింద. ఆ అనుమానంతోనే మనుషులను కొట్టారు, చంపారు. జోన్ దాన్ని అంగట్లో కొనుక్కుంటుంది, ఆమె మీదికి ఊరు ఎగబడదు. మనం ఎదురుచూసే భయం ఈ చిత్రంలో లేకపోవడానికి అది పెద్ద కారణం.

కృష్ణాతీరం:

ఇద్దరికీ, చిత్రశాల గారికీ కృతజ్ఞతలు. సిగరెట్టు సన్నివేశాన్ని నేను వినోదంగా చూసి వదిలేశాను, మళ్లీ చూస్తాను. అయితే అమ్మా, చివరకు ఆమె విముక్తురాలైనట్లేనా? చిత్రం చివర వచ్చే విందులో ఆమె ముఖంలో ఒక నిబ్బరం కనిపించింది.

ఓరుగల్లు పాఠకురాలు:

నిబ్బరం ఉందండి, కాదనను. భర్త పోయాడు, ఆస్తి మిగిలింది, మంత్రగత్తెల బృందంలో దీక్ష కూడా తీసుకుంది. తాను మంత్రగత్తెనని ఆమె స్వయంగా చెప్పుకుంటుంది కూడా. కానీ అదే విందులో ఆమెను మరొకరికి పరిచయం చేస్తూ, జాక్ చనిపోయాక కూడా, జాక్ భార్య అనే అంటారు. పంపిణీదారు తీసి పారేసిన మొదటి పేరు అదే.