అయోవాలో చిన్న కాలేజీలో బీఏ సీటొచ్చింది, వెళ్ళమంటారా?

గుంటూరు నుంచి:
అందరికీ నమస్తే. నాకు అయోవాలో గ్రిన్నెల్ కాలేజీలో సీటొచ్చింది, ఫీజుకి ఎయిడ్ (ఆర్థిక సాయం) కూడా బాగానే ఇచ్చారు, ఆగస్టులో బయల్దేరాలి. కంప్యూటర్ సైన్స్ చేద్దామని ఉంది కానీ పట్టా మీద బీఏ అనే ఉంటుందట. మా పెదనాన్నేమో బీఏకి అమెరికా దాకా ఎందుకే, ఎంసెట్ ర్యాంకుకి ఇక్కడే సీఎస్ఈ వస్తుంది కదా అంటున్నారు. ఊరు కూడా బాగా చిన్నదంట. అక్కడ చదివినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్, నాన్నకి చూపిస్తాను.

షికాగో నుంచి:
చెల్లీ, నేను అక్కడే చదివాను. ముందు మీ పెదనాన్నగారి సంగతి. గ్రిన్నెల్‌లో ఫిజిక్స్ చదివినా సీఎస్ చదివినా మ్యూజిక్ చదివినా ఇచ్చేది బీఏ ఒక్కటే. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి ఒక ఏడాది, దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకి ఇంకో 24 నెలలు ఉంటుంది కదా, దానికి చూసేది బీఏనా బీఎస్సీనా అని కాదు, నీ మేజర్‌కి, అంటే ముఖ్య సబ్జెక్టుకి, కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితంలో ఉన్న కోడ్. ఇంటెల్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నాయిస్ 1949లో అక్కడ తీసుకున్నదీ బీఏనే. ఆయనకి ఫిజిక్స్ చెప్పిన గ్రాంట్ గేల్ అనే ప్రొఫెసర్, బెల్ ల్యాబ్స్‌లో అప్పుడప్పుడే కనిపెట్టిన ట్రాన్సిస్టర్ (ఇవాళ్టి చిప్పులకి మూలం అదే) గురించి పిల్లలకి పాఠం చెప్పారు. చుట్టూ మొక్కజొన్న చేలున్న ఊళ్ళో జరిగింది ఇది! ఇంటెల్ మొదలైనప్పుడు కాలేజీ కూడా అందులో డబ్బు పెట్టింది, ఆ లాభం ఎండోమెంట్‌లో, అంటే కాలేజీ మూలనిధిలో కలిసింది, నీలాంటివాళ్ళకి ఇవాళ ఎయిడ్ ఇవ్వగలుగుతున్నారంటే అందులో ఆ డబ్బు కూడా ఉంది. ఇది నాన్నగారికి తప్పకుండా చదివి వినిపించు.

ఇక చదువు గురించి. అందరూ తీసుకుని తీరాల్సిన కోర్సు అక్కడ ఒక్కటే, మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అని ఉంటుంది, డజను మంది దాకా కూర్చుని చదివి, వాదించుకుని, రాసి, మళ్ళీ రాసే క్లాసు. ఆ ప్రొఫెసరే నువ్వు మేజర్ చెప్పేదాకా నీ అడ్వైజర్ కూడా. మిగతా కోర్సులు నాలుగేళ్ళలో ఏవి చదవాలో నువ్వూ అడ్వైజరూ కూర్చుని అనుకోవడమే. గ్రాడ్యుయేట్ అవ్వాలంటే 124 క్రెడిట్లు, కోర్సు సాధారణంగా నాలుగు క్రెడిట్లు, సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు. నేను మొదటి సెమిస్టర్‌కి ట్యుటోరియల్ కాకుండా మిగతా మూడూ మ్యాథ్స్, సీఎస్, ఫిజిక్స్ అని ఇంటర్ ఎంపీసీ లాగే రాసుకెళ్ళాను, మా అడ్వైజర్ ఆ కాగితం చూసి నీకు తెలియనిది ఇందులో ఏదీ లేదే అన్నారు. ఆ ఒక్క మాటకి ఫిజిక్స్ తీసేసి ఆంత్రపాలజీ పెట్టుకున్నా, ఈరోజు నా ఉద్యోగంలో వాడేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో అర్థం చేసుకునే పని నాకే ఇస్తున్నారంటే దానికి మూలం అక్కడుంది. జాజ్ పియానో వాయించే హెర్బీ హాంకాక్ ఆ కాలేజీలో ఇంజనీరింగ్ అనుకుని చేరి సంగీతంలోకి మారారు. నువ్వూ మారతావని కాదు, మారాలనిపిస్తే దారి ఉంటుందని చెప్తున్నా.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. మనకి రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకోవడం అలవాటే, అదొక తప్పని కూడా ఎవరూ అనరు. అక్కడ పక్కవాళ్ళ కోడ్ చూసి రాసినా, పుస్తకంలో వాక్యం ఎక్కడిదో చెప్పకుండా పెట్టినా కమిటీ ముందు నిలబడాలి. ఎవరితో కలిసి చేశావో పేపర్ మీద రాసెయ్యి, అనుమానముంటే సబ్మిట్ చెయ్యకముందే అడుగు. రెండోది ఆఫీస్ అవర్స్. ఆ టైంలో ప్రొఫెసర్ తలుపు తీసుకుని మీకోసమే కూర్చుంటారు, మనమేమో డౌట్ చెప్తే తెలివితక్కువదనుకుంటారని వెళ్ళం. మొత్తం కాలేజీకి ఉన్నదే 1,700 మంది చిల్లర, రాకపోతే రాలేదని వాళ్ళకి తెలుస్తుంది కూడా. రెండో వారంలోపు నలుగురి దగ్గరికీ ఒక్కోసారి వెళ్ళు, డౌట్ లేకపోయినా వెళ్ళు. వేసవిలో ప్రొఫెసర్‌తో రీసెర్చ్ చేసే అవకాశాలు, తర్వాత రికమెండేషన్ లెటర్లు, అన్నీ ఆ కుర్చీలోంచే మొదలవుతాయి.

డెమోయిన్ నుంచి:
అమ్మా, చదువు సంగతి అక్క చెప్పింది, ఇంటి సంగతి నేను చెప్తా. గ్రిన్నెల్ నుంచి మా ఊరు ఐ-80 హైవే మీద దాదాపు 55 మైళ్ళు, గంట లోపే. ఇండియన్ షాపులు ఇటే ఉన్నాయి, గుడి మాడ్రిడ్ అనే ఊళ్ళో ఉంది. రైస్ కుక్కర్ అక్కడి నుంచి మోసుకురావద్దు, ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మనది సరిగ్గా పనిచెయ్యదు, డార్మ్‌లో (హాస్టల్లో) కుక్కర్ పెట్టుకోనిస్తారో లేదో హౌసింగ్ వాళ్ళని అడిగాకే కొందాం. చలి కోటు కూడా అక్కడ కొనొద్దు, గుంటూరులో దొరికేది జనవరిలో ఇక్కడి గాలికి ఆగదు. పొడులు, మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకో. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల లోపు పని, బయట ఎవరు క్యాష్ ఇస్తామన్నా ఒప్పుకోవద్దమ్మా. హోస్ట్ ఫ్యామిలీ ప్రోగ్రామ్‌కి పేరిచ్చుకో. థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికి రా, నేనే వచ్చి తీసుకెళ్తా.

గుంటూరు నుంచి:
చాలా థాంక్స్ అక్కా, అంకుల్. నాన్న మొత్తం రెండుసార్లు చదివారు. ఒక్కటి అడుగుతాను, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాయగలను కానీ డజను మందిలో ఇంగ్లీషులో మాట్లాడాలంటే గొంతు ఆగిపోతుంది. క్లాసులో మాట్లాడినదానికి కూడా మార్కులుంటాయట కదా?

షికాగో నుంచి:
ఉంటాయి చెల్లీ, చాలా కోర్సుల్లో ఉంటాయి. నేనూ జడ్పీ స్కూలే. నేను చేసింది చెప్తా. క్లాసుకి వెళ్ళేముందు చదివినదాంట్లో ఒక పేజీ నంబరు, అక్కడ నాకు అర్థంకాని ఒక ముక్క కాగితం మీద రాసుకునేదాన్ని, మొదటి పది నిమిషాల్లోనే చెయ్యెత్తి అది అడిగేసేదాన్ని. ఆలస్యమైతే మాట దొరకదు, మిగతావాళ్ళు వేగంగా వెళ్ళిపోతారు. వాళ్ళకి కావలసింది మంచి ఇంగ్లీషు కాదు, నువ్వు చదివొచ్చావా, నీకేమనిపించింది అన్నదే. మొదటి వారమే ప్రొఫెసర్‌కి చెప్పు, క్లాసులో మాట్లాడటం నాకు కొత్త అని, చాలామంది ముందే ప్రశ్న ఇచ్చి సాయం చేస్తారు. రాసినవి కాలేజీలో రాయడానికి సాయం చేసే రైటింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళు, ఫ్రీ, బాగా రాసేవాళ్ళూ వెళ్తారు. అక్టోబర్‌కల్లా గొంతు దానంతటదే వస్తుంది. వీసా ఇంటర్వ్యూ ఎప్పుడో చెప్పు, ముందురోజు సాయంత్రం ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుకుందాం.